ఊరు కాదు, లైను పట్టుకోండి: అట్లాంటా నుంచి చట్టనూగా దాకా పాత రైలు ఊళ్ళు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ. నాన్నగారు గుంతకల్లు డివిజన్లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. అమ్మగారితో కలిసి అట్లాంటాలో మీ దగ్గరికి వచ్చి నెలైంది. అక్వేరియం, కోకాకోలా, స్టోన్ మౌంటెన్ అన్నీ అయిపోయాయి. "ఈ దేశంలో రైళ్ళుండవా?" అని ఆయన రోజూ అడుగుతున్నారు. దక్షిణాది పాత రైలు ఊళ్ళలో స్టేషన్లు, చారిత్రక స్థలాలు, పార్కులు రెండు రోజుల్లో చూపించాలి. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, బాబుకి పదేళ్ళు. ఎక్కడికి తీసుకెళ్ళాలి, అసలు వాళ్ళకి నచ్చుతుందా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఊళ్ళ జాబితా వేసుకోకండి, ఒక్క లైను పట్టుకోండి. ఆ లైను పేరు వెస్టర్న్ అండ్ అట్లాంటిక్. కెన్నెసాలో మొదలుపెట్టి అలటూనా, ఎడైర్స్‌విల్, కాల్హూన్, టనెల్ హిల్, రింగోల్డ్ మీదుగా చట్టనూగా చేరండి. శుక్రవారం పొద్దున్న బయల్దేరి శనివారం రాత్రికి ఇంటికి రండి. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, ఎందుకో తర్వాత చెప్తాను. నచ్చుతుందా అంటే, గార్డుగా చేసిన మనిషికి అమెరికాలో ఇంతకంటే నచ్చే దారి ఇంకోటి ఉంటుందనుకోను. అది కూడా చెప్తాను.

నేను మరియెట్టా పక్కన పదహారేళ్ళుగా ఉంటున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఈ దారిన ఒకసారి తిప్పడం మా ఇంట్లో ఆనవాయితీ అయింది. మొదటిసారి మా అమ్మానాన్నా వచ్చినప్పుడు తెలియక నాలుగు దిక్కుల్లో నాలుగు ఊళ్ళు ఎంచుకుని రోజుకి మూడొందల మైళ్ళు తిప్పాను. ప్రతి ఊళ్ళోనూ అదే మెయిన్ స్ట్రీటు, అదే ఇటుక మేడల వరస, కోర్టు ముందు అదే సైనికుడి విగ్రహం, పట్టాల పక్కన అదే డిపో. మూడో ఊళ్ళో మా అమ్మ కారు దిగకుండానే "ఇందాకటి ఊరికే మళ్ళీ ఎందుకు తీసుకొచ్చావురా?" అంది. ఆవిడ తప్పేం లేదు. ఈ ఊళ్ళని విడివిడిగా చూస్తే నిజంగానే ఒక్కలా ఉంటాయి. ఒకే లైను మీద వరసగా చూస్తే కథ ముందుకి నడుస్తుంది.

ఇక్కడే ఒక చిన్న మాట. డిపో అనగానే మనకి ఆర్టీసీ డిపో గుర్తొస్తుంది. ఇక్కడ రైల్వే స్టేషన్నే డిపో అంటారు. ఈ దారిలో ఉన్న డిపోల్లో ఇప్పుడు బండెక్కేవాళ్ళెవరూ లేరు. కొన్ని మ్యూజియంలయ్యాయి, కొన్ని ఫంక్షన్ హాళ్ళయ్యాయి. లైను మీద ప్రయాణికుల బండి ఒక్కటీ నడవదు, అన్నీ గూడ్సులే. నాన్నగారికి ఇది ముందే చెప్పండి, లేకపోతే ప్రతి స్టేషన్లోనూ టైంటేబుల్ బోర్డు వెతుకుతారు.

ఈ లైనుకి ఇంకో విశేషం ఉంది. అమెరికాలో రైల్వేలంటే దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీలవే. ఈ లైను మాత్రం జార్జియా రాష్ట్ర ప్రభుత్వం 1836లో చట్టం చేసి వేయించింది. ఇప్పటికీ ఆస్తి ప్రభుత్వానిదే, సీఎస్ఎక్స్ కంపెనీ లీజుకి తీసుకుని నడుపుతోంది. అట్లాంటా నగరం పుట్టింది కూడా ఈ లైను వల్లే. 1837లో లైను చివర ఎక్కడో తేల్చి అడవిలో ఒక గుంజ పాతారు. ఆ చోటుని టెర్మినస్ అన్నారు, కొన్నాళ్ళు మార్థాస్‌విల్ అన్నారు, 1845 నుంచి అట్లాంటా అంటున్నారు. గుంతకల్లు జంక్షన్ నుంచి వచ్చిన మనిషికి రైలు ఊరిని ఎలా పెంచుతుందో మనం వివరించక్కర్లేదు.

ఇక నాన్నగారి కోసం అసలు కథ.

1862 ఏప్రిల్ 12. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. పొద్దున్నే అట్లాంటా నుంచి ఉత్తరానికి బయల్దేరిన పాసింజరు బండి బిగ్ షాంటీ దగ్గర టిఫిన్‌కి ఆగింది. ఇప్పుడు మనం కెన్నెసా అంటున్నది ఆ ఊరినే. డ్రైవరూ గార్డూ ప్రయాణికులూ దిగి లేసీ హోటల్లో తింటున్నారు. జేమ్స్ ఆండ్రూస్ అనే ఉత్తరాది గూఢచారి, మారువేషాల్లో ఉన్న సైనికులు, అంతా కలిసి 20 మంది దాకా, ఇంజనూ మూడు పెట్టెలూ విడదీసుకుని ఉడాయించారు. ఇంజను పేరు జనరల్. దారిలో తీగలు కోసి, పట్టాలు పీకి, వంతెనలు తగలబెట్టి చట్టనూగాకి సరఫరా ఆపేయాలని వాళ్ళ ప్లాను.

ఆ బండి గార్డు విలియం ఫుల్లర్. ఇక్కడ కండక్టరంటారు గానీ మన లెక్కలో గార్డే, బండికి పెద్ద ఆయనే. తన బండి తన కళ్ళ ముందే వెళ్ళిపోతుంటే ఆయన ఏం చేశాడో తెలుసా? పట్టాల మీద పరుగెత్తాడు. డ్రైవరునీ, ఇంకొకాయన్నీ వెంటబెట్టుకుని రెండు మైళ్ళ దాకా కాళ్ళ మీదే వెళ్ళాడు. తర్వాత గ్యాంగువాళ్ళ ట్రాలీ దొరికింది. ఆ తర్వాత ఎటోవా దగ్గర యోనా అనే ఇంజను, కింగ్‌స్టన్‌లో ఇంకో ఇంజను. చివరికి ఎడైర్స్‌విల్ దగ్గర ఎదురుగా వస్తున్న గూడ్సుని ఆపి, దాని ఇంజను టెక్సస్‌ని తీసుకుని, తిప్పడానికి చోటు లేక వెనక్కే నడిపిస్తూ వెంటపడ్డాడు. 87 మైళ్ళ తర్వాత రింగోల్డ్ దాటాక జనరల్‌లో కట్టెలూ నీళ్ళూ అయిపోయి ఆగింది. దొంగలు అడవిలోకి పరుగెత్తారు, కొన్నాళ్ళలో అందరూ దొరికారు. ఆండ్రూస్‌తో కలిపి ఎనిమిది మందిని ఉరితీశారు. అమెరికా సైన్యంలో అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ 1863లో మొట్టమొదట ఇచ్చింది ఈ దళంలో బతికి బయటపడ్డవాళ్ళకే. ఉరికంబమెక్కినవాళ్ళలో ఇద్దరికి 2024 జులైలో గానీ అందలేదు.

దొంగలు ఓడిపోయింది తుపాకుల వల్ల కాదు, క్రాసింగుల వల్ల. అది సింగిల్ లైను. కింగ్‌స్టన్‌లో ఎదురుగా గూడ్సు వస్తోందంటే ఆండ్రూస్ లూపులో, అంటే పక్క లైనులో, ఆగాడు. వచ్చిన గూడ్సు చివర ఎర్ర జెండా కట్టి ఉంది, అంటే వెనక ఇంకో బండి ఉందని. అదీ వచ్చింది. దానికీ ఎర్ర జెండా. అలా గంటకి పైగా అక్కడే చిక్కుకుపోయారు. మూసేసిన పెట్టెల్లో కూర్చున్న సైనికులకి బయట ఏం జరుగుతోందో తెలియదు. నేను ఈ కథ చాలామందికి చెప్పాను, ఆ ఎర్ర జెండా దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీ నాన్నగారు మాత్రం పట్టించుకుంటారు. కాబట్టి కథంతా కారులోనే చెప్పేయకండి. కింగ్‌స్టన్ దాకా దాచండి.

మొదటి రోజు, కెన్నెసా. సదరన్ మ్యూజియం ఆఫ్ సివిల్ వార్ అండ్ లోకోమోటివ్ హిస్టరీ అని పేరు పొడుగ్గా ఉంటుంది, పట్టాల పక్కనే. ఆ జనరల్ ఇంజను లోపల ఉంది. 1855లో న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో తయారైంది. మొదట చూడగానే "ఇంతేనా?" అనిపిస్తుంది, చిన్నది. కాసేపు ఆగి పొగగొట్టం చూడమనండి. పైకి పోనుపోను గరాటులా వెడల్పవుతుంది. బొగ్గు కాదు, కట్టెలు కాల్చే ఇంజను, నిప్పురవ్వలు పైకెగిరి పొలాలంటుకోకుండా ఆ ఏర్పాటు. టెక్సస్ ఇంజను ఇక్కడ లేదు, అట్లాంటా హిస్టరీ సెంటర్లో ఉంది. ఈ టూరు నచ్చితే ఇంకో రోజు అది చూపించొచ్చు.

నాన్నగారు మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండూ చూసినవారు కాబట్టి గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, మాట తప్పకుండా తీయండి. అప్పట్లో దక్షిణాదిలో ఎక్కువ లైన్లు 5 అడుగుల గేజి, ఉత్తరాదిలో 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. యుద్ధం అయిపోయిన ఇరవై ఏళ్ళకి, 1886లో మే 31, జూన్ 1, ఆ రెండు రోజుల్లోనే దక్షిణాదిలో సుమారు 11,500 మైళ్ళ లైనులో ఒక పక్క పట్టాని మూడు అంగుళాలు లోపలికి జరిపేశారు. మేకులు ముందే సగం కొట్టి ఉంచి, గ్యాంగులన్నీ ఒకేసారి దిగాయి. మా పెదనాన్న డోన్ దగ్గర పట్టాల బాగోగులు చూసే పీడబ్ల్యూఐ ఆఫీసులో క్లర్కు. గేజి మార్పిడికి లైను మూసేస్తే ఎన్ని నెలలు పడుతుందో చూసినవాడు. ఆయనకీ సంగతి చెప్తే నమ్మలేదు. "రెండ్రోజుల్లో కాగితాలే కదలవు" అన్నాడు.

మ్యూజియం బయట లెవెల్ క్రాసింగ్ ఉంది, దాని పక్కన కాసేపు కూర్చోండి. గూడ్సులకి టైంటేబుల్ ఉండదు. నేను పదిహేను నిమిషాల్లో రెండు బళ్ళు చూసిన రోజూ ఉంది, గంటన్నర కూర్చుని ఒక్కటీ చూడని రోజూ ఉంది. వచ్చేది మాత్రం దూరం నుంచే వినిపిస్తుంది: రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. గేటు దగ్గరికొచ్చే ప్రతి బండీ ఈ దేశమంతా ఇలాగే కూస్తుంది. కంటైనర్ల మీద కంటైనర్లు పేర్చుకుని బండి వెళ్ళిపోయాక, చివరి వ్యాగన్ వైపు నాన్నగారు చూస్తారు. "బ్రేకు వ్యాను ఏది? గార్డేడి?" అంటారు. లేడండీ. 1980ల నుంచి ఒక్కొక్కటిగా తీసేశారు. చివరి వ్యాగన్ కప్లింగుకి ఒక పెట్టె తగిలించి ఉంటుంది, దాని మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. బ్రేకు గొట్టంలో గాలి ఎంతుందో అదే ఇంజనుకి చెబుతుంది. ఆ వార్త కాస్త మెల్లగా చెప్పండి.

కెన్నెసా మౌంటెన్ పార్కు అక్కణ్ణుంచి కొద్ది మైళ్ళే. నేషనల్ పార్క్ సర్వీసుది. పార్కింగుకి కొద్దిగా డబ్బు తీసుకుంటారు, విజిటర్ సెంటరు ఉచితం. మామూలు రోజుల్లో కారు దాదాపు శిఖరం దాకా వెళ్తుంది. శని ఆదివారాల్లో మాత్రం పార్కువాళ్ళ బస్సే గతి. శుక్రవారం అన్నది అందుకే. పైన పార్కింగు దగ్గర నిలబడితే అట్లాంటా మేడలు కనిపిస్తాయి. అమ్మగారు అక్కడే కూర్చోవచ్చు, అక్కణ్ణుంచి శిఖరానికి కొద్ది దూరమే గానీ నిటారుగా ఎక్కాలి. 1864 జూన్ 27న ఉత్తరాది సేనాని షెర్మన్ ఈ కొండ మీద దాడి చేస్తే అతని సైనికుల్లో సుమారు 3,000 మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. లక్ష మంది సైన్యానికి తిండీ గుండూ అన్నీ ఈ ఒక్క సింగిల్ లైను మీదే వచ్చేవి. పైనుంచి ఆ లైను కొండని చుట్టుకుని పోయే తీరు చూస్తే యుద్ధమంతా పట్టాల వెంటే ఎందుకు నడిచిందో బాబుకి కూడా అర్థమవుతుంది.

అలటూనా పాస్ గురించి చాలామందికి తెలియదు, నాకు మాత్రం ఈ దారంతటిలోకీ ఇదే ఇష్టం. రైల్వేవాళ్ళ భాషలో కటింగు. కొండని నిలువుగా కోసి, సుమారు 175 అడుగుల లోతున లైను వేశారు. 1940ల్లో కింద డ్యాం కట్టి అలటూనా చెరువు నింపేటప్పుడు లైనుని పక్కకి మార్చారు. పాత కటింగు అలాగే మిగిలిపోయింది. పట్టాలు లేవు, చదునైన మట్టిబాట. అటూ ఇటూ రాతి గోడలు, వాటి మీద నాచు, సందుల్లోంచి ఫెర్న్ మొక్కలు. గోడకి చెయ్యి పెడితే ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది. ఎక్కడం దిగడం లేదు కాబట్టి అమ్మగారు హాయిగా నడుస్తారు. 1864 అక్టోబర్ 5న ఇక్కడ నిల్వ ఉంచిన రేషన్ కోసం జరిగిన పోరులో రెండు వైపులా కలిపి దాదాపు 1,600 మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. అంత చిన్న చోటులో అంతమందా అనిపిస్తుంది. మేము వెళ్ళినప్పుడు తరచూ మాకు తప్ప ఇంకెవరికీ అక్కడ పని ఉండదు.

కార్టర్స్‌విల్‌లో 1894 నాటి కోకాకోలా గోడ ప్రకటన ఉంది, బయట గోడ మీద వేసిన మొట్టమొదటిది అంటారు. ఫోటో తీసుకుని కదలండి. కింగ్‌స్టన్‌లో చూడడానికి పెద్దగా ఏం లేదు, కానీ కారు ఆపి ఎర్ర జెండా కథ చెప్పాల్సింది ఇక్కడే. ఎడైర్స్‌విల్‌లో 1847 నాటి డిపో ఉంది. ఊరు మొత్తాన్నీ 1987లో జాతీయ చారిత్రక రిజిస్టరులో ఎక్కించారు. అక్టోబరులో ఆ రైలు వేట పేరు మీదే తిరునాళ్ళు చేస్తారు, ఆ వారాంతం పార్కింగు దొరకదు.

కాల్హూన్ దగ్గర న్యూ ఎకోటా దాటేయకండి. రైలు స్థలం కాదు గదా అనుకుంటారేమో, కానీ ఇది చూడకపోతే లైను కథ సగమే. 1825 నుంచి ఇది ఈ నేల ఆదివాసులైన చెరొకీ జాతి రాజధాని. సెక్వోయా అనే ఆయన, ఇంగ్లీషు చదవడం రానివాడు, తన భాషకి తనే లిపి కనిపెట్టాడు. ఒక్కో అక్షరం ఒక్కో పలుకు, మన క, కి, కు లాగే. ఆ లిపిలో 1828లో చెరొకీ ఫీనిక్స్ అనే పత్రిక ఇక్కణ్ణుంచే వచ్చింది. పాత నమూనాలో మళ్ళీ కట్టిన అచ్చుకూటం ఉంది, లోపల అక్షరాల గూళ్ళు చూపిస్తారు. తెలుగు పలక మీద గుణింతం దిద్దిన పెద్దవాళ్ళకి ఆ అక్షరాల ఏర్పాటు ఇక్కడి పిల్లల కంటే తొందరగా అర్థమవుతుంది. మా నాన్న అక్కడి గైడుకి "కా" కి దీర్ఘం ఎలా వస్తుందో వేలితో గాల్లో రాసి చూపించాడు. 1835లో అమెరికా ప్రభుత్వం ఇక్కడే, ఈ నేల వదిలిపోవాలని చెరొకీలతో ఒక ఒప్పందం రాయించుకుంది. జాతిలో ఎక్కువమంది ఒప్పుకోనిది. 1838లో ప్రభుత్వం సైన్యాన్ని పెట్టి వాళ్ళని పడమటికి తరిమేసింది. రైలు చట్టం 1836ది అని పైన చెప్పాను కదా, తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. లైను వేసింది ఎవరి నేల మీదో తెలుస్తుంది.

రాత్రికి డాల్టన్‌లో ఉండండి. కార్పెట్లకి పేరున్న ఊరు, హోటళ్ళు చవక.

రెండో రోజు, టనెల్ హిల్. 1850లో పూర్తయిన 1,477 అడుగుల సొరంగం. డైనమైట్ లేని రోజులు, గునపాలతోనూ తుపాకి మందుతోనూ రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. వ్యాగన్లు పెరిగి సొరంగంలో ఇరుక్కోవడం మొదలయ్యాక 1928లో పక్కనే కొత్తది తవ్వారు. ఇప్పుడు పాతదాంట్లో మనం నడవొచ్చు, కొత్తదాంట్లో గూడ్సులు పోతాయి. ముందు హెరిటేజ్ సెంటర్లో టికెట్ తీసుకోవాలి. లోపల నేల చెమ్మగా ఉంటుంది, చెప్పులు కాకుండా బూట్లు వేయించండి. మధ్యలో ఉండగా పక్క సొరంగంలో బండి వస్తే చెవితో కాదు, అరికాళ్ళతో తెలుస్తుంది. నాకు ఆ అదృష్టం ఆరుసార్లు వెళ్తే ఒక్కసారి దక్కింది.

రింగోల్డ్ డిపో బయటి నుంచి చూస్తే చాలు, కానీ దగ్గరికెళ్ళి గోడ చూడండి. మా మామగారు ఇరిగేషన్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. నేను బోర్డు చదువుతుంటే ఆయన గోడ పొడుగునా నడిచి, ఒకచోట ఆగి, బొటనవేలు అతుకు మీద రాసి "ఇది ఇక్కడి రాయి కాదు, వేరే క్వారీది. తర్వాత పెట్టారు" అన్నారు. నిజమే. అసలు గోడ గోధుమరంగు ఇసుకరాయి, 14 అంగుళాల మందం, చేత్తో తడిమితే గరుకు. 1863 నవంబర్ 27న ఊరవతల కనుమలో జరిగిన యుద్ధంలో దెబ్బతిన్న చోట తెల్లటి సున్నపురాయి పెట్టి పూడ్చారు. ఆ తెల్లటి మాసికలు ఇప్పటికీ కనిపిస్తాయి. మామగారు బోర్డు చదవనే లేదు.

చట్టనూగాలో టెనెసీ వ్యాలీ రైల్‌రోడ్ మ్యూజియం. ఇక్కడ నిజంగా బండెక్కొచ్చు. మిషనరీ రిడ్జ్ లోకల్ అని గంట లోపు ప్రయాణం, 1858 నాటి సొరంగంలోంచి పోతుంది. అవతలి చివర ఇంజనుని టర్న్‌టేబుల్ మీద తిప్పి చూపిస్తారు. కొన్ని రోజులు ఆవిరి ఇంజను, కొన్ని రోజులు డీజిలు. మీ తేదీన ఏది నడుస్తుందో చూసుకుని టికెట్ ముందే కొనండి. టైముంటే నేషనల్ సెమెటరీలో ఆండ్రూస్ దళం సమాధులున్నాయి. అర్ధచంద్రాకారంలో వరుస, మధ్యలో స్తంభం మీద జనరల్ ఇంజను చిన్న బొమ్మ. కథ అక్కడ ముగుస్తుంది.

ఇక కొన్ని జాగ్రత్తలు.

పట్టాల మీద అడుగు పెట్టొద్దు, ఫోటోకైనా సరే. మన దగ్గర పట్టాలు దాటడం రోజువారీ పని, నాన్నగారికైతే డ్యూటీ. ఇక్కడ పట్టాలూ పక్క కంకరా కూడా రైల్వే కంపెనీ స్థలమే, గేటు దగ్గర తప్ప ఎక్కడా దాటకూడదు, కేసు పెడతారు. మా స్నేహితుల కుటుంబం ఒక ఊళ్ళో పట్టాల మధ్య నిలబడి ఫోటో తీసుకుంటుంటే దారినపోయే పెద్దాయన ట్రక్కు ఆపి కేకలేశాడు. వాళ్ళు జాతివివక్ష అనుకుని చిన్నబుచ్చుకున్నారు. మూడు నిమిషాల్లో మలుపులోంచి బండి వచ్చింది. లోడుతో ఉన్న గూడ్సు ఆగాలంటే మైలు పడుతుంది, నాన్నగారే చెప్తారు.

ఆదివారం ఎందుకు వద్దన్నానంటే, చిన్న ఊళ్ళ మ్యూజియంలు చాలావరకు వాలంటీర్ల మీద నడుస్తాయి. చర్చి వేళ ఊరంతా మూత. మిగతా రోజుల్లో కూడా వెబ్‌సైటు సమయాల్ని నమ్మి మోసపోయాను. ఒక ఊళ్ళో తలుపు మీద "పదకొండుకి వస్తాను" అని చీటీ అంటించి ఉంది, ఏ రోజు పదకొండో రాయలేదు. ముందురోజు ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తిన పెద్దావిడ అరగంట మాట్లాడుతుంది, "మా పెద్దవాళ్ళు రైల్వేలో చేశారు" అంటే వేళ కాకపోయినా తలుపు తీస్తుంది. రెండుసార్లు నాకు అలా తీశారు.

బోర్డుల సంగతి. కొన్ని పాత శిలాఫలకాలు యుద్ధాన్ని కేవలం వీరగాథలా చెప్తాయి, బానిసత్వం ఊసెత్తవు. దక్షిణాది రైళ్ళ కోసం మట్టి తవ్విన చేతుల్లో బానిసలవి చాలా ఉన్నాయి. చాలా పాత డిపోలకి రెండు వెయిటింగ్ రూములు, రెండు తలుపులు కనిపిస్తాయి. ఒకటి తెల్లవాళ్ళకి, ఒకటి నల్లవాళ్ళకి, 1960ల దాకా. రెండో తలుపు ఎందుకని బాబు అడిగితే దాటవేయకండి. మా అమ్మకి నేను చెప్పక్కర్లేకపోయింది, "మన ఊళ్ళో రెండు బావులు ఉండేవి" అంది.

తిండి. శాకాహారులైతే పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, పార్కుల్లో బల్లలుంటాయి. హోటల్లో బీన్స్ కూర, ఆకుకూర చూసి మురిసిపోకండి, ఇక్కడ వాటిని పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. అడిగి తెలుసుకోండి. గ్రిట్స్ మాత్రం మొక్కజొన్న రవ్వ జావ, ఉప్పూ వెన్నా కలుపుకుంటే అమ్మగారికి నచ్చొచ్చు. జులై ఆగస్టుల్లో వెళ్తే మధ్యాహ్నం మ్యూజియంలకీ, పొద్దున్న పార్కులకీ కేటాయించండి. ఇక్కడి ఉక్క గుంతకల్లు ఎండలాంటిది కాదు, చెమట ఆరదు.

ఇంకో వారాంతం దొరికితే రెండు మాటలు. దక్షిణ జార్జియాలో ఫోక్‌స్టన్ అని ఒక ఊరుంది, ఫ్లోరిడాకి పోయే బళ్ళు చాలావరకు ఆ సందులోంచే పోతాయి. ఊరివాళ్ళు పట్టాల పక్కన పైకప్పుతో పెద్ద అరుగు కట్టారు. ఊరికే కూర్చుని బళ్ళు చూడడానికి, అంతే. నాన్నగారిని పొద్దున్న అక్కడ దింపితే సాయంత్రం దాకా లేవరు. రెండోది ప్లెయిన్స్, జిమ్మీ కార్టర్ ఊరు. 1888 నాటి చిన్న చెక్క డిపోలో ఆయన 1976లో అధ్యక్ష ఎన్నికల ప్రచారం ఆఫీసు పెట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న స్టేషన్ తీసుకున్నారు.

కార్టర్ వేరుశనగ రైతు. ఆయన ఊరి దాకా వెళ్ళకపోయినా ఈ దారిలో రోడ్డు పక్కన "బాయిల్డ్ పీనట్స్" అని అట్టముక్క మీద రాసి పెట్టి ఉంటుంది, అక్కడ కారు ఆపండి. ఉప్పునీళ్ళలో తొక్కతో ఉడికించిన వేరుశనక్కాయలు, వేడివేడిగా కాగితం గ్లాసులో పోసిస్తారు. మన చేలో కాయ పీకిన రోజు ఇంట్లో ఉడకబెట్టుకునే రుచే. నాన్నగారికి ఇవ్వండి. ధర మాత్రం రూపాయల్లో చెప్పకండి.